22 వేలలో చిన్న ల్యాప్‌టాప్: ఆ ధరకు తగ్గ పని చేస్తుందా?

సింగరేణి_బిడ్డ (కొత్తగూడెం)

అందరికీ నమస్కారం. మా చెల్లికి ఈసారి బీటెక్ సీఎస్‌ఈలో సీటు వచ్చింది. హాస్టల్ ఫీజు, అడ్మిషన్ ఖర్చులు పోను ల్యాప్‌టాప్‌కి 22 వేలు, మహా అయితే 25 వేల దాకా పెట్టగలను. ఇక్కడ షాపులో ఒకటి చూపించారు. 11.6 అంగుళాల స్క్రీన్, సెలెరాన్ ఎన్4020, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. కొత్తది, ఏడాది వారంటీ, చాలా తేలిక. "కాలేజీ పిల్లలకు ఇది చాలు సార్" అంటున్నారు. ఆన్‌లైన్‌లో అదే డబ్బుకి కంపెనీల్లో వాడి తీసేసిన ఐ5 ల్యాప్‌టాప్‌లు కనిపిస్తున్నాయి. కానీ సెకండ్ హ్యాండ్ అంటే అమ్మకు టెన్షన్. ఏది కొన్నా నాలుగేళ్లు నడవాలి, మధ్యలో ఇంకోటి కొనే పరిస్థితి లేదు. ఏం చెయ్యమంటారు?

రిపేరు_బల్ల (సికింద్రాబాద్)

తమ్ముడూ, ముందు చెల్లికి శుభాకాంక్షలు. సీఎస్‌ఈకి ఆ మెషీన్ మాత్రం తీసుకోకు.

ఎన్4020 అనేది 2019 చివర్లో వచ్చిన చిప్. రెండే కోర్లు, 6 వాట్లు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు, ఒక వర్డ్ ఫైలు, ఒక పాఠం వీడియో, అంతవరకు లాగుతుంది. అసలు చిక్కు మిగతా రెండింటితో. ఇలాంటి మోడళ్లలో ఎక్కువ వాటికి 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుకోవడానికి స్లాట్ ఉండదు. ఆ 64 జీబీ కూడా ఎస్‌ఎస్‌డీ కాదు, ఈఎమ్‌ఎమ్‌సీ. చవక ఫోన్లలో పెట్టే రకం మెమరీ చిప్. అదీ సోల్డర్ చేసే ఉంటుంది. విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస అర్హత ఎంతో తెలుసా? 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. కొన్న రోజునే నీ మెషీన్ ఆ కనీసం దగ్గర ఉంది. నాలుగేళ్లలో విండోస్ బరువు పెరగడమే తప్ప తగ్గదు.

నా బల్ల మీదికి వచ్చే ఇలాంటి మెషీన్లలో చాలావరకు చెడిపోయి వచ్చినవి కావు. "స్లో అయింది అన్నా, ఏదన్నా చెయ్యి" అని తెస్తారు. విప్పి చూస్తే మార్చడానికి లోపల ఏమీ ఉండదు. తెచ్చినవాళ్లకి ఆ మాట చెప్పి పంపేటప్పుడు బాధేస్తుంది, ఎందుకంటే వాళ్లలో ఎక్కువమంది నీలాగే లెక్క చూసుకుని కొన్నవాళ్లు.

పంతులమ్మ (శ్రీకాకుళం జిల్లా)

నేను రెండో వైపు చెప్తాను. దాదాపు ఇలాంటిదే నేను కొన్నేళ్లుగా బడికి తీసుకెళ్తున్నాను. యూడైస్ ప్లస్‌లో (బడుల వివరాల ప్రభుత్వ వెబ్‌సైట్) పిల్లల వివరాలు ఎక్కించడం, ప్రశ్నపత్రాలు టైపు చెయ్యడం, హెచ్‌ఎం గారు అడిగిన ఎక్సెల్ షీటు పంపడం, ఇవే నా పనులు. బ్యాగులో పుస్తకాల మధ్య పట్టేస్తుంది. బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చు. మా ఊళ్లో పొద్దున కరెంటు పోతే మధ్యాహ్నానికి గానీ రాని రోజులున్నాయి, అయినా బడి వదిలేదాకా ఛార్జింగ్ ఉంటుంది. ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు కూడా లేదు.

ఈ పనికి నేను 45 వేలది కొని ఏం చేసుకోవాలి? మా బడిలో ఇద్దరు టీచర్లు నన్ను చూసి కొన్నారు, వాళ్లూ సంతోషంగానే ఉన్నారు. నెట్‌బుక్ (ఇలాంటి చిన్న, చవక ల్యాప్‌టాప్) అంటేనే దండగ అని కొట్టిపారెయ్యకండి.

కోడ్_కాఫీ (హైదరాబాద్)

పంతులమ్మ గారు చెప్పింది నిజం. ఆ పనికి అది సరైన మెషీనే. ఇక్కడ అడిగింది మాత్రం సీఎస్‌ఈ అమ్మాయి కోసం.

మొదటి ఏడాది సీ ల్యాబ్ వరకు ఏ మెషీన్ అయినా నడుస్తుంది. సీ కోడ్‌ని ప్రోగ్రాంగా మార్చే జీసీసీకి పాతకాలపు అటామ్ చిప్ కూడా సరిపోతుంది. అందుకే మొదటి ఏడాది అంతా "బాగానే ఉంది కదా" అనిపిస్తుంది. తర్వాత జావా, డేటాబేస్, పైథాన్ వస్తాయి. ఎడిటర్ ఒకటి, బ్రౌజర్ ఒకటి, పక్కన ఆన్‌లైన్ క్లాసు, ఈ మూడూ కలిసి తెరిచేసరికి 4 జీబీ అయిపోతుంది. మూడో ఏడాది ప్రాజెక్టు ఆండ్రాయిడ్ యాప్ అయితే ఇక చెప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్ స్టూడియోకి కనీసం 8 జీబీ కావాలని, ఎమ్యులేటర్ (ల్యాప్‌టాప్‌లోనే ఫోన్‌లా యాప్ నడిపి చూపేది) కూడా నడపాలంటే 16 ఉండాలని గూగులే రాసిపెట్టింది.

"గూగుల్ కొలాబ్‌లో బ్రౌజర్ నుంచే కోడ్ చేసుకోవచ్చు, అంతా క్లౌడేగా" అనేవాళ్లుంటారు. నిజమే, పైథాన్ నోట్‌బుక్‌లకు కొలాబ్ మంచిది. కానీ హాస్టల్ వైఫై మీద నాలుగేళ్ల చదువు ఆధారపడకూడదు.

పెంగ్విన్_పక్షం (వరంగల్)

విండోస్ తీసేసి లైనక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వెయ్యండి, ఉచితంగా దొరికే తేలికైన ఆపరేటింగ్ సిస్టం అది. అదే ఎన్4020, అదే 4 జీబీ, మనిషికి ఊపిరి ఆడుతుంది. సీఎస్‌ఈ అమ్మాయి ఎలాగూ లైనక్స్ నేర్చుకోవాలి. జీసీసీ, పైథాన్, జావా అన్నీ రెండు కమాండ్లతో వచ్చేస్తాయి. మింట్ మొత్తం 20 జీబీ దాటదు, 64 జీబీలో సగానికి పైగా ఖాళీ మిగులుతుంది. మెషీన్ల తప్పు కంటే వాటి మీద వేసే విండోస్ తప్పే ఎక్కువ అని నా నమ్మకం.

రిపేరు_బల్ల

> పెంగ్విన్_పక్షం: మెషీన్ల తప్పు కంటే వాటి మీద వేసే విండోస్ తప్పే ఎక్కువ

సగం ఒప్పుకుంటాను. లైనక్స్ వేస్తే తెరుచుకోవడం, మూసుకోవడం హాయిగా ఉంటుంది. కానీ బ్రౌజర్ ఏ సిస్టంలో అయినా బ్రౌజరే. క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే మింట్‌లో కూడా ర్యామ్ నిండుతుంది. నిండిన ర్యామ్ స్టోరేజీ మీద పడుతుంది. ఈఎమ్‌ఎమ్‌సీలో చదవడం, రాయడం ఒకేసారి జరగవు. ఒకే పట్టాల మీద నడిచే రైలు మార్గం లాంటిది, ఎదురు బండి పోయేదాకా ఇటు బండి ఆగాలి. ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్‌ఎస్‌డీలో ఎన్నో లైన్లు ఒక్కసారే కదులుతాయి. మౌస్ గిర్రున తిరుగుతూ ఉండిపోవడానికి పెద్ద కారణం ఇదే, జనం మాత్రం ప్రాసెసర్‌ని తిడతారు.

ఇంకొకటి. క్యాంపస్ పరీక్షలకు వాడే లాక్‌డౌన్ బ్రౌజర్లలో (పరీక్ష అయ్యేదాకా వేరేదేదీ తెరవనివ్వనివి) కొన్ని లైనక్స్ మీద నడవవు. సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లకే ఉంది. ప్లేస్‌మెంట్ రోజు ఆ అమ్మాయి స్నేహితురాలి ల్యాప్‌టాప్ అడుక్కునే పరిస్థితి రాకూడదు.

పెంగ్విన్_పక్షం

పరీక్షల సంగతి సరైన పాయింట్. అయితే విండోస్, లైనక్స్ రెండూ వేసుకోవాలి, దానికి 64 జీబీ చాలదు. సరే, ఈ కేసులో నా వాదన వెనక్కి తీసుకుంటున్నా. ఇంట్లో వాడుకునే మెషీన్ల విషయంలో మాత్రం వెనక్కి తగ్గను.

డల్లాస్_బాబాయి (టెక్సస్)

అబ్బాయ్, క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ క్రోమ్ ఓఎస్ మీద నడిచే ల్యాప్‌టాప్) గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? ఇక్కడ బడుల్లో పిల్లలందరి చేతుల్లో అవే. 4 జీబీతో కూడా చక్కగా నడుస్తాయి, వైరస్ గొడవ లేదు, పాడైతే ఇంకోదాంట్లో లాగిన్ అయితే అన్నీ అక్కడే ఉంటాయి. ఇండియాలో కూడా హెచ్‌పీ, గూగుల్ కలిసి 2023 అక్టోబర్ నుంచి చెన్నై దగ్గర తయారు చేస్తున్నాయి. మీ బడ్జెట్‌లోనే వస్తుంది కదా. పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లోనే ప్రకటించింది. విండోస్ నెట్‌బుక్‌కి ఆ హామీ ఎవరిస్తారు?

కోడ్_కాఫీ

బాబాయ్ గారూ, బడి పిల్లలకు క్రోమ్‌బుక్ మంచి ఎంపిక, మా అక్క కొడుకు ఏడో తరగతి, వాడికి అదే చెప్పాను. ఆ పదేళ్ల లెక్క గురించి మాత్రం ఒక జాగ్రత్త. మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ హార్డ్‌వేర్ రకం మొదట విడుదలైన రోజు నుంచి లెక్క. డిస్కౌంట్‌లో వచ్చేవి తరచుగా పాత రకాలు. సెట్టింగ్స్‌లో "అబౌట్ క్రోమ్ ఓఎస్"లోకి వెళ్తే అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో తేదీ ఉంటుంది. షాపులోనే తెరిచి చూడాలి.

సీఎస్‌ఈకి అయితే క్రోమ్‌బుక్‌లో కోడింగ్ అంటే లోపల లైనక్స్ కంటైనర్ ఆన్ చెయ్యాలి. 4 జీబీలో అది ఆన్ చేసిన వెంటనే మిగతావి ఈడుస్తాయి. మళ్లీ అదే గోడ.

అక్షరాల_పని (విజయవాడ)

డీటీపీ చేసుకునేవాడిని, నా మాట కొంచెం పాతకాలంగా ఉండొచ్చు. నా దగ్గర అటామ్ ఎన్270 నెట్‌బుక్ ఇంకా నడుస్తోంది. 10 అంగుళాలు, 1 జీబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఒక ప్రింటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు, చిన్న పుస్తకాలు దాని మీదే. నెట్ కనెక్షన్ ఇవ్వను, పెన్‌డ్రైవ్‌తోనే రాకపోకలు.

దాని లోపం చెప్పాలంటే స్క్రీన్. ఎత్తు 600 పిక్సెళ్లే. కొన్ని డైలాగ్ బాక్సుల్లో ఓకే బటన్ స్క్రీన్ కిందికి జారిపోతుంది, కనపడదు. ఎంటర్ కొట్టడం అలవాటైపోయింది. పేజీ మొత్తం ఒక్కసారి చూడాలంటే అక్షరాలు చీమల్లా అవుతాయి, అందుకని పెద్ద మానిటర్ తగిలించాను. అయినా పెట్టిన డబ్బు ఎప్పుడో తీరిపోయింది. నా పనికి వాడే సాఫ్ట్‌వేర్ మారలేదు, కాబట్టి మెషీన్ మార్చాల్సిన అవసరం రాలేదు. చదువుకునే పిల్లలకి ఆ వెసులుబాటు ఉండదు, వాళ్లకి ప్రతి సెమిస్టర్ కొత్త సాఫ్ట్‌వేరే.

పెంగ్విన్_పక్షం

అన్నగారూ, ఎన్270 అంటే 32 బిట్ మాత్రమే. దాని మీద లైనక్స్ వేద్దామన్నా దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్‌కి 32 బిట్ పీసీల కోసం ఇన్‌స్టాలరే లేదు. మీరు నెట్‌కి దూరంగా ఉంచడమే సరైన పని. ఫాంట్లు, ఫైళ్లు ఇంకోచోట కాపీ పెట్టుకున్నారా? హార్డ్‌డిస్క్ వయసు కూడా తక్కువేం కాదు.

అక్షరాల_పని

రెండు చోట్ల ఉన్నాయి తమ్ముడూ. ఆ విషయంలో అశ్రద్ధ చెయ్యను, కస్టమర్ల పని అది.

రిపేరు_బల్ల

అన్నగారి నెట్‌బుక్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఈ ధర సంగతి కొత్తది కాదు. 2007లో ఏసస్ ఈ-పీసీ 701 వచ్చినప్పుడు 7 అంగుళాల స్క్రీన్, 4 జీబీ స్టోరేజీ, లైనక్స్. జనం ఎగబడ్డారు, ఎందుకంటే అప్పట్లో అంత చిన్న ల్యాప్‌టాప్ కావాలంటే లక్ష దాకా పెట్టాలి. మరుసటి ఏడాది ఇంటెల్ అటామ్ తెచ్చింది, అందరూ అదే దారి పట్టారు. అయితే మైక్రోసాఫ్ట్ చవక ఎక్స్‌పీ లైసెన్స్ ఇవ్వడానికి షరతులు పెట్టింది. ర్యామ్ 1 జీబీ దాటకూడదు, స్క్రీన్ ఇంతకంటే పెద్దది ఉండకూడదు అని. తర్వాత వచ్చిన విండోస్ 7 స్టార్టర్‌లో వాల్‌పేపర్ మార్చుకునే వీలు కూడా లేదు. అంటే మెషీన్ ఎదగకుండా గీత ముందే గీశారు. 2010లో ఐప్యాడ్ వచ్చింది, 2013 మొదలయ్యేసరికి ఏసస్, ఏసర్ రెండూ నెట్‌బుక్‌ల తయారీ ఆపేశాయి.

ఆ తర్వాత వచ్చిన అటామ్‌లది ఇంకో కథ. 2012-13 నాటి క్లోవర్ ట్రెయిల్ చిప్‌లున్న మెషీన్లకు విండోస్ 10 ఉచితంగా ఇచ్చారు. 2017లో కొత్త వెర్షన్ వచ్చేసరికి అందులోని గ్రాఫిక్స్‌కి డ్రైవర్లు రాసేవాళ్లు లేరని ఆపేశారు. సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం 2023 జనవరి దాకా ఇస్తామన్నారు. ఒళ్లంతా బాగున్నా కొత్త వెర్షన్‌కి పనికిరాలేదు.

అందుకే ధర చూసేటప్పుడు నేను ఒక్కటే అడుగుతాను. డబ్బు ఎక్కడ తగ్గించారు? ప్రాసెసర్‌లో తగ్గిస్తే సర్దుకోవచ్చు. ప్లాస్టిక్ బాడీ అయితే ఇంకా మంచిది, బరువు తగ్గుతుంది. మనం తర్వాత సరిచేసుకోలేని చోట తగ్గించారంటే అది చవక కాదు.

విలేకరి_సంచి (ఖమ్మం)

ఆండ్రాయిడ్ మీద నడిచే చిన్న ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి కదా, వాటి గురించి ఒక మాట. 2023 ఆగస్టులో జియోబుక్ 16,499కి వచ్చింది. 990 గ్రాములు, 4 జీబీ ర్యామ్, సిమ్ వేసుకోవచ్చు. నేను ఆ తరహాదే వాడుతున్నాను. మండల ఆఫీసు మెట్ల మీద కూర్చుని వార్త టైపు చేసి పంపడానికి, ఫొటోలు ఎక్కించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఫోన్‌లో తెలుగు టైపు చేస్తే వేళ్లు నొప్పి, దీంట్లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో వార్త ఫోన్‌లో కంటే సగం టైంలో అయిపోతుంది. సీఎస్‌ఈకి మాత్రం దీని వైపు చూడొద్దు. విండోస్ ప్రోగ్రాం ఒక్కటీ ఎక్కదు.

ఖర్చు_లెక్క (గుంటూరు)

అందరూ ఆ కొత్తది వద్దంటున్నారు, అంటే ఇక మిగిలేది సెకండ్ హ్యాండే. దాని ఖర్చు ఎవరూ లెక్కెయ్యట్లేదు. పాత ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ మార్చాలి, మూడు నాలుగు వేలు. ఛార్జర్ ఒరిజినల్ ఇవ్వరు. కీబోర్డు ఎప్పుడు పోతుందో తెలియదు. కొత్తదానికి ఏడాది వారంటీ ఉంది, అన్నిటికీ ఒకే బిల్లు. ఆ కుటుంబానికి 22 వేలు అంటే చిన్న డబ్బు కాదు. పాతది ఆరు నెలల్లో బోర్డు పోతే ఎవరిని పట్టుకుంటారు? కొత్త నెట్‌బుక్ నెమ్మదిగా నడిచినా నడుస్తుంది కదా. రిపేరు_బల్ల గారికి పాతవి బాగుచెయ్యడం చేతిలో పని, అందరికీ అలా కాదు.

రిపేరు_బల్ల

మంచి ప్రశ్న, తప్పించుకోను. పాతది కొంటే రిస్క్ ఉంది. బ్యాటరీకి డబ్బు పక్కన పెట్టుకోవాల్సిందే. కానీ ఆ రిస్క్ ఎలాంటిదో చూడండి. బ్యాటరీ పోతే బ్యాటరీ, కీబోర్డు పోతే కీబోర్డు, ఎస్‌ఎస్‌డీ పోతే ఎస్‌ఎస్‌డీ మార్చొచ్చు. విడి భాగాలు మా సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఏ షాపులో అడిగినా దొరుకుతాయి. నెట్‌బుక్‌లో వారంటీ అయిపోయాక ఈఎమ్‌ఎమ్‌సీ పోతే బోర్డు మొత్తం పోయినట్టే, ఆ బోర్డు ఖర్చుతో ఇంకోటి వస్తుంది. నెమ్మది గురించి వారంటీలో ఏమీ రాసి ఉండదు.

సింగరేణి_బిడ్డ

చాలా థాంక్స్ అందరికీ, ఇన్ని సంగతులు షాపులో ఎవరూ చెప్పలేదు. రెండు డౌట్లు. ఒకటి, పాతది కొంటే ఏం చూసుకోవాలి? ఐ5 అని 14 వేల నుంచి 28 వేల దాకా ఉన్నాయి, తేడా అర్థం కావట్లేదు. రెండు, మా ఇల్లు గని దగ్గర. కిటికీ తెరిస్తే నల్ల దుమ్ము. సెలవుల్లో చెల్లి ఇంట్లోనే ఉంటుంది. ఎండాకాలం సంగతి తెలిసిందే. ఫ్యాన్ లేనిది అయితే దుమ్ము పట్టదని షాపతను అన్నాడు, ఆ మాట నిజమేనా?

రిపేరు_బల్ల

ఆ మాట నిజం తమ్ముడూ, షాపతను తప్పు చెప్పలేదు. ఫ్యాన్ లేకపోతే గాలి లాగదు, దుమ్ము లోపలికి తక్కువ వెళ్తుంది. మీ ప్రాంతం నుంచి వచ్చే ల్యాప్‌టాప్‌ల ఫ్యాన్లలో బొగ్గు దుమ్ము గట్టిగా పేరుకుని ఉంటుంది. రెండో వైపు కూడా విను. మే నెలలో గది వేడి 40 దాటినప్పుడు ఫ్యాన్ లేని చిప్‌కి చల్లబడే దారి ఉండదు. అది తన స్పీడు తానే తగ్గించుకుంటుంది. అసలే రెండు కోర్లు, అవీ సగం స్పీడులో. ఫ్యాన్ ఉన్నదాన్ని ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయిస్తే సరిపోతుంది. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడొద్దని చెల్లికి చెప్పు.

ఇక ఐ5 సంగతి. ఐ5 అన్న పేరుకి విలువ లేదు, పక్కనున్న నంబర్ చూడాలి. ఐ5-6200యూ అంటే ఆరో తరం, రెండు కోర్లు. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం, 2017లో వచ్చింది, నాలుగు కోర్లు. విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ అధికారికంగా ఇచ్చేది ఎనిమిదో తరం నుంచి మాత్రమే. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అందుకే కంపెనీలు ఆరు, ఏడు తరాల మెషీన్లు గుట్టలుగా వదిలించుకున్నాయి. నువ్వు చూసిన 14 వేలవి అవే అయ్యుంటాయి. వాటి జోలికి వెళ్లకు.

నేనైతే థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490 లేదా 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5, వీటిలో వెతుకుతాను. టీ480కి రెండు ర్యామ్ స్లాట్లు ఉంటాయి. పేరు చివర ఎస్ ఉన్న టీ480ఎస్ అయితే కొంత ర్యామ్ బోర్డుకే ఉంటుంది, స్లాట్ ఒక్కటే. ముందే 16 జీబీ ఉన్నది దొరికితే కాస్త ఎక్కువైనా తీసుకో. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, తర్వాత వేసుకుందాంలే అనుకుంటే భారం.

కొనేముందు షాపులోనే కూర్చుని చూడు. ఆన్ చేసిన వెంటనే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) వెళ్లు. పాస్‌వర్డ్ అడిగితే లేచి వచ్చెయ్, పాత కంపెనీ తాళం ఇంకా తియ్యలేదన్నమాట. కొన్ని మెషీన్లు విండోస్ కొత్తగా వేసి నెట్‌కి కలపగానే ఏదో కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతాయి, అదీ వద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ (powercfg /batteryreport) అని కొడితే ఒక రిపోర్టు ఫైలు తయారవుతుంది, అందులో బ్యాటరీ మొదట ఎంత సామర్థ్యంతో వచ్చిందో, ఇప్పుడు ఎంత మిగిలిందో రెండు అంకెలు వస్తాయి. సగం కంటే తక్కువుంటే బ్యాటరీ మార్చి ఇవ్వమను, లేదా ఆ మేరకు తగ్గించమను. కీబోర్డులో ప్రతి బటన్ నొక్కు. మూత రెండు వైపులా పట్టుకుని తెరిచి మూసి చూడు, కీలు దగ్గర కరకరమంటే వద్దు. యూఎస్‌బీ పోర్టులన్నిటిలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడు. జీఎస్‌టీ బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకో, ఆరు నెలలైనా వారంటీ రాసిస్తేనే డబ్బివ్వు. రాసివ్వనన్నవాడి దగ్గర కొనకు, పక్క షాపు ఉంటుంది.

కోడ్_కాఫీ

అమ్మగారికి కొత్తదే కావాలంటే మధ్యేమార్గం ఒకటి ఉంది. ఎన్100 ఉన్నవి చూడండి. 2023లో వచ్చిన చిప్, నాలుగు కోర్లు, అదీ 6 వాట్లే. ఎన్4020తో పోలిస్తే మూడు రెట్లకు పైగా పని చేస్తుంది, పైన చెప్పిన ఐ5-8250యూకి దగ్గరగా వస్తుంది. తక్కువ కరెంటు చిప్ అంటే చేతకాని చిప్ అనే రోజులు పోయాయి. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎన్‌వీఎంఈ ఉన్న ఎన్100 మెషీన్ 25 వేల దగ్గర్లో దొరికితే దాన్ని నెట్‌బుక్ అని చిన్నచూపు చూడను.

ఇంటెల్ 2023 నుంచి ల్యాప్‌టాప్‌లలో సెలెరాన్, పెంటియం పేర్లు తీసేసింది. కొత్తవాటి మీద "ఇంటెల్ ప్రాసెసర్" అని మాత్రమే ఉంటుంది. సెలెరాన్ అని కనిపిస్తే అది అంతకుముందు రకం. స్టోరేజీ దగ్గర 128 అని రాసి ఊరుకుంటారు, కింద చిన్న అక్షరాల్లో ఈఎమ్‌ఎమ్‌సీ, యూఎఫ్‌ఎస్, ఎస్‌ఎస్‌డీ ఏదో ఉంటుంది. యూఎఫ్‌ఎస్ కొంచెం నయం, కానీ అదీ అతికించిందే. విండోస్ ఎస్ మోడ్‌లో వస్తే స్టోర్ యాప్‌లు తప్ప వేరేవి ఎక్కవు. ఎస్ మోడ్ నుంచి బయటికి రావడం ఉచితమే, ఒకసారి వస్తే తిరిగి వెళ్లలేం, వెళ్లాల్సిన అవసరమూ లేదు.

ఖర్చు_లెక్క

ఈ ఎన్100 మాట నాకు నచ్చింది. కొత్తది, వారంటీ ఉంది, కరెంటు తక్కువ. అలాంటిది దొరికితే పాతదాని కంటే అదే మేలని ఇప్పటికీ అంటాను. దొరక్కపోతే మాత్రం పైన చెప్పిన ఎన్4020కి 22 వేలు పెట్టమని నేను కూడా చెప్పను. 12 వేలకు ఇస్తే ఆలోచించొచ్చు, అదీ టైపింగ్ పనికి.

నిర్వాహకుడు

మధ్యలో ఇద్దరు సభ్యులు అమ్మకం లింకులు పెట్టారు, తీసేశాను. మోడల్ పేరు చెప్పడం వరకు పర్వాలేదు, ఫోన్ నంబర్లు వద్దు.

సింగరేణి_బిడ్డ

అమ్మకు రాత్రి అంతా చదివి వినిపించాను. బిల్లు, ఆరు నెలల వారంటీ కాగితం మీద ఇస్తేనే అన్న షరతుతో ఒప్పుకుంది. ఆదివారాలు షాపులు తక్కువ తెరుస్తారని విన్నాను, కాబట్టి శనివారం చెల్లిని తీసుకుని సీటీసీకి వెళ్తున్నాం. ముందు టీ480, లేదంటే 7490. రెండూ నచ్చకపోతే ఎన్100, 8 జీబీది.

రిపేరు_బల్ల

పొద్దున వెళ్లండి, సాయంత్రం రద్దీలో షాపువాళ్లు నింపాదిగా చూడనివ్వరు. చెల్లినే కూర్చోబెట్టి టైపు చేయించు, వాడేది తను కదా.

పంతులమ్మ

రిపేరు_బల్ల గారూ, పనిలో పనిగా నా సమస్య కూడా. నా చిన్నదాంట్లో అప్‌డేట్ సగంలో ఆగి "స్థలం చాలదు" అంటోంది. ఫొటోలు, వీడియోలు అన్నీ తీసేశాను, అయినా అదే మాట. యూడైస్ గడువు దగ్గర పడుతోంది, ఈలోగా పనిచెయ్యకుండా పోతుందేమోనని భయంగా ఉంది. 64 జీబీలో నావి పది కూడా లేవు.

రిపేరు_బల్ల

భయపడకండి మేడం, అప్‌డేట్ ఆగినా మెషీన్ పనిచేస్తూనే ఉంటుంది. ముందు గడువు పని పూర్తి చేసుకోండి, తర్వాత దీని పని పడదాం. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో స్టోరేజీ, అక్కడ టెంపరరీ ఫైల్స్ తెరవండి. పాత విండోస్ అప్‌డేట్ల మిగులు కొన్ని జీబీలు ఉంటుంది, అది తీసెయ్యండి. డౌన్‌లోడ్స్ పక్కన టిక్ ఉంటే మాత్రం ఆ టిక్ తీసి, డౌన్‌లోడ్స్ చెరిగిపోకుండా చూసుకోండి, మీ ప్రశ్నపత్రాలు అందులో ఉండొచ్చు. అప్పటికీ చాలకపోతే ఖాళీగా ఉన్న 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టి మళ్లీ అప్‌డేట్ మొదలుపెట్టండి. స్థలం చాలనప్పుడు బయటి డ్రైవ్ వాడుకోనా అని విండోసే అడుగుతుంది, సరే అనండి. అయ్యేదాకా పెన్‌డ్రైవ్ తియ్యొద్దు, ఛార్జర్ కూడా పెట్టే ఉంచండి. రాత్రి పడుకునే ముందు మొదలుపెడితే పొద్దున బడికి వెళ్లేలోపు అయిపోతుంది.